గోస్తనీ పరీవాహక ప్రాంతం: ఎగువ చరిత్ర పునఃపరిశీలన

ఉపోద్ఘాతం:
తూర్పు కనుమల్లోని అనంతగిరి కొండల్లో వాగుగా పుట్టి, బొర్రా గుహల గుండా సాగి, తాటిపూడి జలాశయం మీదుగా మైదానానికి దిగి, భీమునిపట్నం వద్ద బంగాళాఖాతంలో కలిసే చిన్న నది గోస్తని. తణుకు పట్టణం పక్కన పారే గోస్తని దీనికి భిన్నమైనది. ఉత్తరాంధ్ర చరిత్రలో ఈ నది దిగువ ప్రాంతానికి ప్రసిద్ధి ఎక్కువ. 1794 జూలై 10న విజయనగర ప్రభువు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనలతో పోరాడి మరణించిన పద్మనాభం, డచ్చివారి వర్తక స్థావరంగా పేరొందిన భీమునిపట్నం అక్కడివే. నదికి నీరు సమకూర్చే కొండ ప్రాంతం మాత్రం ఐతిహ్యానికీ, పర్యాటక వర్ణనకూ పరిమితమైంది. ఆ ఎగువ చరిత్రను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

పేరు - ఐతిహ్యం:
‘గోస్తని’ అంటే ఆవు పొదుగు వంటిది అని వ్యుత్పత్త్యర్థం. సంస్కృత నిఘంటువులు ఇదే పదాన్ని ద్రాక్షకు పర్యాయంగా చెబుతాయి. అక్కడా ఆధారం ఆకార సామ్యమే. మేతకు వెళ్లిన ఆవు కొండ రంధ్రంలో పడిపోగా, వెతుకుతూ వెళ్లిన పశులకాపరి గుహను, అందులోని శిలారూపాన్ని చూశాడని స్థానిక కథనం. వాన నీరు నేలలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి సున్నపురాయిని కరిగిస్తుంది. గుహ పైకప్పు నుంచి ఆ నీరు జారేటప్పుడు వాయువు విడిపోయి, కాల్సైట్ పొరలుగా పేరుకుంటుంది. పొదుగును తలపించే శిలలు అలా ఏర్పడినవే. గుహను మొదట చూసినవాడు కొండల్లో పశువులు మేపుకొనే మనిషి అని చెప్పడమే ఈ కథనానికి గల చారిత్రక విలువ.

1807 - ఒక కాలదోషం:
భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ 1807లో బొర్రా గుహలను కనుగొన్నాడన్న వాక్యం అనేక రచనల్లో పునరావృతమవుతోంది. ఆ సంస్థ ఏర్పడింది 1851లో. ఆ పేరుగల భూగర్భ శాస్త్రవేత్త 1887 నుంచి 1894 వరకు దానికి అధిపతిగా ఉన్నాడు. కాబట్టి ఈ వాక్యంలోని వ్యక్తి, సంస్థ, సంవత్సరం మూడూ ఒకచోట పొసగవు. ‘కనుగొనడం’ అన్న మాట సైతం అంతకుముందు నుంచే గుహను ఎరిగిన గిరిజనులను లెక్కలోకి తీసుకోలేదు.

జలాశయం - తీర్పు:
1960లలో నదిపై తాటిపూడి జలాశయం నిర్మితమైంది. అది ఆయకట్టుకు సాగునీటిని, విశాఖపట్నానికి తాగునీటిని అందిస్తోంది. దీనితో నగర జీవనం కొండల మీది అడవితో ముడిపడింది. అదే కొండల్లో కాల్సైట్ తదితర ఖనిజాల తవ్వకానికి గిరిజనేతర సంస్థలకు ప్రభుత్వం లీజులిచ్చింది. నీరు కరిగించి పేర్చిన పదార్థమే ఇక్కడ వ్యాపార సరుకైంది. బొర్రా పరిసర గ్రామాలకు సంబంధించిన ఈ లీజులపై ‘సమత’ స్వచ్ఛంద సంస్థ న్యాయపోరాటం చేసింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు వెలువడింది. 1970లో సవరించిన 1959 నాటి భూబదలాయింపు నిబంధనలలోని ‘వ్యక్తి’ అన్న మాటకు ప్రభుత్వం కూడా లోబడుతుందనీ, షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదనీ న్యాయస్థానం నిర్ధారించింది. ఒక్క పదానికి చెప్పిన అర్థం ఎగువ గ్రామాల భూమికి రక్షణగా నిలిచింది.

ముగింపు:
గోస్తని చరిత్రను యుద్ధభూమి, రేవు, గుహ, జలాశయం అని విడివిడిగా చదివితే వాటిని కలిపే నీటి దారి మరుగున పడుతుంది. ఐతిహ్యంలోని పశులకాపరి, తీర్పులోని గిరిజన రైతు ఒకే కొండకు చెందినవారు. పరీవాహక ప్రాంతాన్ని ప్రమాణంగా తీసుకొన్నప్పుడే వీరు నది చరిత్రలో భాగస్వాములుగా కనిపిస్తారు. దిగువన తాగే ప్రతి బిందెడు నీటికీ ఎగువన ఒక భూమి హక్కు ఆధారమై ఉన్నదన్న వాస్తవం అప్పుడే స్పష్టమవుతుంది.