వెనక నుంచి నడిచిన పదిహేడో హోల్

ఆదివారం సాయంత్రం. స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్ మీద ఒక్క బంతి కూడా ఎగరడం లేదు. మామూలుగా ఆదివారాలు ఇక్కడ గోల్ఫ్‌కి సెలవు. ఊరి జనం కుక్కల్ని వెంటేసుకుని, చంటిపిల్లల్ని బండ్లలో కూర్చోబెట్టి తోసుకుంటూ ఫెయిర్‌వేల మీద తీరుబడిగా తిరుగుతున్నారు. రేపు ఆడేవాళ్ల లాటరీలో మీ పేరూ, మీ బావ పేరూ వచ్చాయి. చేతిలో క్లబ్ లేదు. జేబులో చిన్న నోట్‌బుక్కు, అరిగిన పెన్సిలూ ఉన్నాయి. సముద్రం మీంచి వచ్చే గాలికి చెవులు చల్లబడిపోతున్నాయి.

మిగతావన్నీ వదిలేసి పదిహేడో హోల్ దగ్గరికి రండి. మొదటి బంతి కొట్టే టీ దగ్గరికి కాదు, గుంత, జెండా ఉండే గ్రీన్ దగ్గరికి. దాన్ని కూడా దాటి వెనక్కి వచ్చి, రాతిగోడకి వీపు ఆనించి నిలబడండి. మీ కాళ్ల కింద సన్నటి రోడ్డు. ఈ హోల్‌కి ఆ రోడ్డు పేరే పెట్టారు: రోడ్ హోల్. బంతి వచ్చి ఈ రోడ్డు మీద పడితే తీసి పక్కన పెట్టుకోనివ్వరు. గట్టినేల మీంచే కొట్టాలి. గోడకి ఆనుకుని ఆగితే క్లబ్ ఊపడానికి చోటే ఉండదు.

ఇప్పుడు గ్రీన్‌ని చూడండి. మన ఊళ్లలో వీధి అరుగు ఉంటుందే, అలా ఎత్తుగా, పొడుగ్గా, సన్నగా ఉంది. పైగా ఐమూలగా పెట్టారు. ఫెయిర్‌వేలో నిలబడి చూసేవాడికి ఇది విశాలంగా కనబడుతుంది గానీ ఆ వెడల్పంతా అడ్డంగా ఉన్నదే. ముందు నుంచి వెనక్కి చూస్తే చోటు చాలా తక్కువ. కాస్త ఎక్కువ కొడితే మీరు నిలబడ్డ ఈ రోడ్డు. కాస్త తక్కువై ఎడమకి పోతే ఆ గుంట.

ఆ గుంట అంచుదాకా వెళ్లండి. లోపలికి దిగొద్దు, చూస్తే చాలు. రోడ్ బంకర్ అంటారు దీన్ని. అరుగుని ముందువైపు ఎవరో కొరికినట్టు ఉంటుంది. పచ్చిక దిమ్మలు ఒకదాని మీద ఒకటి పేర్చి నిట్టనిలువుగా కట్టిన గోడ. అడుగున ఇసుక. గోడ వరసల మధ్య గడ్డి మొలకలు కూడా కనిపిస్తున్నాయి. ఇవన్నీ చూశాక ఇంకొకటి చూడాలి. మోకాళ్ల మీద వంగి నేల వాలు ఎటుందో గమనించండి. చుట్టుపక్కల గడ్డి అంతా ఈ గుంటవైపే జారుతోంది. బంతి సూటిగా వచ్చి ఇందులో పడక్కర్లేదు. పక్కన పడి దొర్లుకుంటూ వచ్చినా చాలు.

1978 ఓపెన్ ఛాంపియన్‌షిప్ మూడో రౌండ్‌లో జపాన్ ఆటగాడు టామీ నకజిమా రెండు షాట్లలోనే ఈ గ్రీన్ ఎక్కాడు. పట్టర్‌తో తోసిన బంతి వాలు పట్టుకుని ఈ బంకర్‌లోకి జారింది. ఆ హోల్‌కి కార్డు మీద పడింది తొమ్మిది. 1984లో చివరి రోజు సెవె బాలెస్టెరోస్‌తో సమానంగా నడుస్తున్న టామ్ వాట్సన్ రెండో నంబర్ ఐరన్‌తో కొట్టిన బంతి గ్రీన్ దాటి, ఇందాక మీరు నిలబడ్డ రోడ్డు మీదికి, గోడ దగ్గరికి పోయింది. ఓపెన్ బాలెస్టెరోస్‌కి దక్కింది. 2000లో చివరి రోజు టైగర్ వుడ్స్‌తో కలిసి ఆడుతున్న డేవిడ్ డ్యువాల్‌కి ఈ ఇసుకలోంచి బయటపడటానికి నాలుగు షాట్లు పట్టాయి, హోల్‌కి ఎనిమిది అయ్యాయి. అదే వారంలో వుడ్స్ నాలుగు రౌండ్లు, 72 హోల్స్ ఆడి, ఈ కోర్సులో ఉన్న 112 బంకర్లలో ఒక్కదాంట్లోనూ పడకుండా ఎనిమిది స్ట్రోకుల తేడాతో గెలిచాడు. అప్పట్లో అందరికంటే దూరం కొట్టేవాళ్లలో వుడ్స్ ఒకడు. ఆ వారం ఎంత దూరం కొట్టాడన్నదాని కంటే, ఎక్కడ పడకూడదని ముందే అనుకున్నాడన్నదే నాకు పెద్ద పాఠం.

సరే, నడుద్దాం. గ్రీన్ నుంచి టీ వైపు, అంటే వెనక్కి. ఈ కోర్సుని ఒకప్పుడు నిజంగానే రెండు దిక్కుల్లోనూ ఆడేవారు కాబట్టి మీ నడక ఇక్కడి నేలకి కొత్తేమీ కాదు. గ్రీన్ ముందు కుడి మూల దిగి, ఓ యాభై అడుగులు వేసి వెనక్కి తిరగండి.

కనబడిందా? బంకర్ ఎడమకి తప్పుకుంది. అరుగు ఇప్పుడు అడ్డంగా లేదు, మీ ముందు పొడవునా పరుచుకుంది. ఇక్కడి నుంచి బంతిని నేల మీదే దొర్లించుకుంటూ పైకి ఎక్కించొచ్చు. ఎక్కడ ఆగినా గ్రీన్ మీదే. నోట్‌బుక్ తీసి ఈ చోటు గుర్తు పెట్టుకోండి. రేపు మీరు బంతిని పంపాల్సింది జెండా దగ్గరికి కాదు, ఇక్కడికి.

ఇంకా వెనక్కి. ఫెయిర్‌వే మధ్యకి వచ్చాక ఎడమకి పది అడుగులు, కుడికి పది అడుగులు జరిగి చూడండి. ఎడమకి జరిగే కొద్దీ బంకర్ మళ్లీ గ్రీన్‌కి అడ్డం వస్తోంది. కుడికి జరిగితే దారి తెరుచుకుంటోంది. కానీ ఆ కుడివైపే హోటల్ ఆవరణ, అంటే అవుట్ ఆఫ్ బౌండ్స్. అటు పోతే ఒక స్ట్రోక్ జరిమానా, మళ్లీ మొదటి చోటు నుంచే కొట్టాలి. ఎంత రిస్కు తీసుకుంటే అంత మంచి కోణం. నాకు ఈ హోల్ మీద ఇంత ఇష్టం కలిగింది ఇక్కడే.

టీ దగ్గరికి చేరేసరికి చీకటి పడుతోంది. ఎదురుగా పాత రైల్వే షెడ్ల ఆకారంలో షెడ్లు, వాటి మీద హోటల్ పేరు. ఫెయిర్‌వే కనబడదు. ఆ పేరులోని ఏదో ఒక అక్షరం మీదుగా కొట్టమని కేడీలు చెబుతారు. ఓపెన్ ఆడేటప్పుడు ఈ హోల్ పొడవు 495 గజాలు, అయినా పార్ నాలుగే. మనం ఆడే టీ కాస్త ముందుకి ఉంటుంది. అదొక్కటే మనకి ఊరట.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి నేను చెప్పేది వినండి. గోల్కొండ కోట గోడల పక్కన హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్‌లో ఓ పొద్దున నేను పది బంతులు ఒకే క్లబ్‌తో, ఒకే చెట్టుకి గురిపెట్టి కొట్టాను. కేడీ కుర్రాడు ఒక్కోటీ పడ్డ చోటికి వెళ్లి అక్కడే నిలబడి చెయ్యి ఎత్తేవాడు. చివరికి చూస్తే పొలంలో గుప్పెడు వడ్లు విసిరినట్టు ఉంది. ఒకటి చెట్టు మొదట్లో. రెండు చాలా ముందే ఆగాయి. ఎక్కువ భాగం కుడికి. "సార్, మీరు 150 గజాలు అంటారు గానీ, 150 పోయింది ఒక్కటే" అన్నాడు కుర్రాడు మర్యాదగా. అప్పటిదాకా నేను ఆ ఒక్క బంతిని నమ్ముకుని క్లబ్ తీసేవాణ్ని. మిగతా తొమ్మిదింటిని లెక్కలోకి తీసుకునేవాణ్ని కాదు. మనలాంటి వాళ్లు పోగొట్టుకునే స్ట్రోకుల్లో చాలావాటికి చెడ్డ స్వింగ్ కారణం కాదని నేను నమ్ముతాను. క్లబ్ సంచీలోంచి బయటికి వచ్చేలోపే అవి పోతున్నాయి. గురి పెట్టాల్సింది ఆ ఒక్క గింజకి కాదు. గుప్పెడు ఎక్కడ పడుతుందో చూసుకుని, దాని మధ్యకి. ఆ గుప్పెట్లో అన్నిటికంటే చెడ్డ గింజ కూడా రోడ్డు మీదికో, ఇసుకలోకో పోకుండా.

సోమవారం, మధ్యాహ్నం. పదహారు హోల్స్ అయిపోయాయి. మీ హ్యాండికాప్ 18. అంటే ప్రతి హోల్‌కీ మీకు ఒక స్ట్రోక్ కానుక. ఇక్కడ ఐదు కొడితే మీ లెక్కలో అది నాలుగే. రాత్రి నోట్‌బుక్‌లో అదే రాసుకున్నారు: ‘17 = 5’. కార్డు మీద ఏం అచ్చువేశారన్నది మీకు అనవసరం.

మీ గుప్పెడు కూడా కుడికే ఒరుగుతుంది కాబట్టి, బావ ఎంచుకున్న అక్షరం కంటే రెండు అక్షరాలు ఎడమకి చూశారు. బంతి షెడ్ల మీంచి ఎగిరి కనుమరుగైంది. వెళ్లి చూస్తే ఫెయిర్‌వే ఎడమ అంచున ఉంది. కోణం బాగాలేదు, కానీ బంతి గడ్డి మీద శుభ్రంగా కూర్చుంది. గ్రీన్‌కి ఇంకా 220 గజాలు. జెండా సరిగ్గా బంకర్ వెనకాల పెట్టారు.

పక్కన బావ బంతి ఇంకో పది గజాలు ముందుంది. అప్పుడే చెక్క క్లబ్ బయటికి తీశాడు. చెక్క అనేది పాత పేరే, ఇప్పుడంతా లోహమే.

"ఏంటి బావా, ఇంత దూరం వచ్చి పొట్టి క్లబ్ తీస్తావా? జీవితంలో ఒక్కసారి!"

గుండె కొంచెం అటే లాగుతుంది. ఇంత దూరం వచ్చాం, ఇంత డబ్బు పెట్టాం, ఇంటికెళ్లి చెప్పుకోవాలి. ఈ మాటలు వినబడినప్పుడు వాటిలో బంతి ఉన్న చోటు గురించి ఏమీ లేదని గమనించండి. గాలి, గడ్డి, దూరం గురించి కూడా ఒక్క ముక్క లేదు.

మీ కేడీ ముసలాయన. మాట తక్కువ. "నాలుగు కావాలా, ఐదు కావాలా సర్?" అని మాత్రం అడిగాడు.

"ఐదు."

ఆయన మొహంలో ఏదో ఊరట కనిపించింది. హైబ్రిడ్ క్లబ్ చేతికిచ్చాడు. మీ చేతిలో అది మామూలుగా 165 పోతుంది. ఎంత గొప్పగా తగిలినా 180. అంటే బంకర్‌ని అందుకోలేదు. దాన్ని ఎంచుకోవడానికి కారణం అదే. నిన్న నోట్‌బుక్‌లో గుర్తు పెట్టుకున్న చోటు వైపు పాదాలు తిప్పారు. జెండాకి ఎంతో కుడిగా. అటు చూస్తే చేతుల్లో బిగువు దానంతట అదే సడలింది. తగిలిన చప్పుడు మరీ శుభ్రంగా లేదు. కాస్త మొద్దుగా తగిలింది. అయినా బంతి వెళ్లి గ్రీన్ ముందు కుడి మూలకి యాభై గజాల ఇవతల ఆగింది. మొద్దుగా తగిలినా నష్టం లేని చోటుకి కొట్టారు మరి.

బావ బంతి అందంగా ఎగిరింది. నిజంగా అందంగా. జెండా మీదికే. గ్రీన్ అంచున పడి, ఒక్క క్షణం తటపటాయించి, ఎడమకి తిరిగి, మెల్లగా దొర్లుతూ కనుమరుగైంది.

మీరిప్పుడు ఎనిమిదో నంబర్ ఐరన్ తీసుకున్నారు. బంతిని గాల్లోకి లేపాల్సిన పని లేదు. నేల మీదుగా, అరుగు ఎక్కి, పొడవునా దొర్లాలి. జెండావైపు చూడాలనిపిస్తుంది. చూడకండి. గ్రీన్ మధ్యకి. దొర్లిన బంతి జెండాకి ముప్ఫై అడుగుల పైన ఆగింది. ఎక్కువే అనిపించొచ్చు. కానీ టూర్‌లో ఆడే ప్రొఫెషనల్స్‌కి కూడా 33 అడుగుల నుంచి సగటున రెండు పట్‌లు పడతాయి. ఎనిమిది అడుగుల నుంచి వాళ్లు సగం సార్లే గుంతలో వేస్తారు. కాబట్టి మీ మొదటి పట్‌కి గురి గుంత కాదు, గుంత చుట్టూ చాపంత జాగా. దిశ గురించి బెంగ మాని, దూరం ఒక్కటీ చేతుల్లోకి తెచ్చుకోండి. బంతి రెండడుగుల దగ్గర ఆగింది. ఇంకో చిన్న తోపు. గుంతలో పడిన చప్పుడు చెవికి ఎంత హాయిగా ఉంటుందో.

ఐదు.

బంకర్‌లోంచి ధబ్‌మని చప్పుడు. బంతి రాలేదు, ఇసుకే లేచింది. మళ్లీ ధబ్. బంతి గోడకి తగిలి బావ కాళ్ల దగ్గరికే వచ్చిపడింది. పై నుంచి చూస్తే ఆయన టోపీ, భుజాలు మాత్రమే కనిపిస్తున్నాయి. మూడోసారి కూడా గోడకేసే నిలబడ్డాడు.

మీరు అంచుదాకా వెళ్లి కూర్చున్నారు.

"బావా, అటు తిరుగు. జెండా వద్దు. వచ్చిన దారినే బయటికి కొట్టేయ్."

ఆయన తలెత్తి మిమ్మల్ని చూశాడు, గోడని చూశాడు. ఇసుకలో పాదాలు ఈడ్చుకుంటూ, జెండాకి వీపు పెట్టి, ఫెయిర్‌వే వైపు తిరిగి నిలబడ్డాడు. అటువైపు అంచు తక్కువ ఎత్తులో ఉంది. చిన్న ఊపు. బంతి ఇసుకతో పాటు లేచి, గడ్డి మీద పడి, నాలుగడుగులు దొర్లి ఆగింది.