బాయి కాడ, బాయి మీద

బొగ్గు గనుల మందమర్రిలో "బాయికి పోయిండు" అంటే డ్యూటీకి పోయాడని. అదే మాట పక్క పల్లెలో అంటే పొలానికి పోయాడని. రెండు చోట్లా నీళ్లు చేదుకొచ్చే పని ఎవరి మనసులోనూ ఉండదు. బాయి అన్న మాటకు నీళ్ల బావి అన్న అర్థమే మొదటిది.

మన నిఘంటువులు బావిని సంస్కృత 'వాపి'కి వికృతిగా చెబుతాయి. దీపం దివ్వె అయినట్టే ఇక్కడా పకారం వకారమైంది. గుజరాతీల 'వావ్', హిందీవాళ్ల 'బావడీ' దీని తోబుట్టువులే. పాటన్‌లోని రాణీ కీ వావ్ పేరులో ఉన్నది మన బావే. తెలంగాణ నోట ఆ వకారం కూడా కరిగి బాయి అయింది. తెలుగు సొంత మాట నుయ్యి ఉండనే ఉంది కానీ, మా ఇంట్లో అది 'ముందు నుయ్యి వెనక గొయ్యి' సామెత దాటి బయటికి రాలేదు. ఆదిలాబాద్ గోండు ఆడవాళ్ల పేర్ల చివర వచ్చే బాయి, మందమర్రి బజారులో వినిపించే భాయి వేరు. వాటికీ దీనికీ చుట్టరికం లేదు.

మా తాతది పెద్దపల్లి దిక్కు పల్లె. ఆయనకు బాయి అంటే నీళ్లొక్కటే కాదు. దాని కింది రెండెకరాల వరి మడి, ఎడ్లు వెనక్కీ ముందుకూ నడిచి నునుపెక్కిన మోటదారి, గట్టు మీది చింతచెట్టు, కొట్టం అన్నీ కలిస్తే బాయి. ఎవరైనా బాయి అమ్ముకున్నారంటే భూమి అమ్ముకున్నారని. మోట తోలు తొండం పిగిలితే తాత చెట్టు కింద కూచుని తానే కుట్టుకునేవాడు. ఆముదం పట్టించి మెత్తబరచిన ఆ తోలు వాసన ఆయన చేతులకు ఎప్పుడూ ఉండేది.

ఆ బాయిలో నీళ్లు తగ్గాక బాపు మందమర్రికి వచ్చి కోల్ ఫిల్లరుగా చేరాడు. మా బాపమ్మ మొదటిసారి చూడవచ్చినప్పుడు అడిగిన మాట ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం.

"ఇదేం బాయిర బిడ్డా? గిరక లేదు, నీళ్లు కనవడయి."

"నీళ్లు గూడ ఉంటయవ్వా. పంపులు వెట్టి తోడుతరు. మేం తోడేది బొగ్గు."

భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ 1871లో యెల్లందు దగ్గర బొగ్గు ఆనవాలు పట్టాడు. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. కంపెనీ కాగితాలు మైన్ అన్నాయి, ఊళ్లకూ గనులకూ పేర్లు పెట్టినవాళ్లు ఖని అన్నారు: గోదావరిఖని, రవీంద్రఖని, కల్యాణిఖని, శాంతిఖని. పత్రికలు గని అంటాయి. కిందికి దిగినవాళ్లు మాత్రం బాయి అన్నారు. వాళ్లలో ఎక్కువమంది సేద్యం విడిచి వచ్చినవాళ్లు. భూమిలోకి మనిషి దిగే చోటుకు వాళ్ల దగ్గర ముందే ఒక మాట ఉంది. కొత్త మాట కోసం దొరల దిక్కు చూడలేదు. ఇది నాకు గర్వంగా ఉంటుంది.

అయితే రెండు బాయిలనూ వాళ్లు కలిపేయలేదు. పొలమైతే 'బాయి కాడ', గనైతే 'బాయి మీద'. "బాయి కాడున్నడు" అంటే మడిలో ఉన్నాడని, "బాయి మీదున్నడు" అంటే గని ఆఫీసు దగ్గరో ల్యాంపు రూం దగ్గరో ఉన్నాడని. లోపలికి పోతే 'బాయి దిగిండు', షిఫ్టు అయి బయటికొస్తే 'బాయి ఎక్కిండు'. మా అవ్వ "బాయిల వడ్డడు" అన్న మాట తిట్టుకైనా నోటికి రానిచ్చేది కాదు. షిఫ్టు దాటి బాపు రాకపోతే వాకిట్లో నిలబడి, దారిన పోయే ప్రతి ఒక్కరినీ "మాయన బాయెక్కిండా అన్నా?" అని అడిగేది. ఆ ఒక్క క్రియలో ఆమె భయమంతా ఉండేది.

నిట్టనిలువుగా దిగే షాఫ్టు అయినా, వాలుగా నడిచిపోయే ఇంక్లైన్ అయినా మాట బాయే. కాబట్టి ఆకారాన్ని బట్టి వచ్చిన పేరు కాదిది. దిగడం, ఎక్కడం ఉన్నందుకు వచ్చిన పేరు. ఇది నా ఊహే కానీ, ఓపెన్‌కాస్టును చూస్తే బలపడుతుంది. బొగ్గు అదే, కంపెనీ అదే, లోతు కూడా తక్కువేం కాదు. అయినా దాన్ని ఓసీ అంటారు తప్ప బాయి అనడం నేను వినలేదు. అక్కడ ఎండలోనే డంపర్లు తిరుగుతాయి. ఎవరూ దిగరు, ఎవరూ ఎక్కరు.

1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికులు ఇప్పుడు 40 వేల దరిదాపుల్లో ఉన్నారు. భూగర్భ గనులు ఒక్కటొక్కటిగా మూతపడుతున్నాయి. ఆ బతుకుతో పుట్టిన మాటలు ఇప్పుడు నౌకరి దిగిపోయినవాళ్ల నోళ్లలోనే ఉన్నాయి. మీ ఇంట్లోనో మీ వాడలోనో అలాంటి పెద్దమనిషి ఉంటే ఒక పూట పక్కన కూచోండి. పనిముట్ల పేర్లు, కిందున్న జాగల పేర్లు, ప్రమాదం చెప్పే మాటలు అడిగి, ఆయన పలికినట్టే రాసిపెట్టండి.