విల్ దు ఆవ్ర్ (కీర్తన బాణీ)

‘ఇట్ ఈజ్ వెల్ విత్ మై సోల్’ అనే ఆంగ్ల క్రైస్తవ కీర్తనకు ఫిలిప్ బ్లిస్ 1876లో కట్టిన బాణీ ఇది. 1873లో మునిగిపోయిన ఒక ఓడ పేరే దీనికి పెట్టారు.

సాహిత్యం షికాగో న్యాయవాది హొరేషియో స్పాఫర్డ్‌ది (1828–1888). 1871లో నగరాన్ని దహించిన మంటలు అతని ఆస్తిని బాగా దెబ్బతీశాయి. 1873 నవంబరులో భార్య ఆనాను, నలుగురు కూతుళ్లను ఐరోపాకు ముందుగా పంపి, పనులుండి తాను ఆగాడు. 22వ తేదీన అట్లాంటిక్‌లో లాక్ ఎర్న్ అనే తెరచాప ఓడ వాళ్లు ఎక్కిన ‘విల్ దు ఆవ్ర్’ను ఢీకొట్టింది. 226 మంది చనిపోయారు. ఆ కుటుంబంలో ఆనా ఒక్కతే ప్రాణాలతో బయటపడి, వేల్స్‌లోని కార్డిఫ్ నుంచి భర్తకు తంతి కొట్టింది. ఆమె కోసం సముద్రం దాటుతూ తండ్రి ఈ పాట రాశాడని, తర్వాత పుట్టిన కూతురు బెర్తా రాసింది. చేతిరాత ప్రతి మాత్రం షికాగోలోని ఒక హోటల్ కాగితం మీద ఉంది. 1881లో ఆ దంపతులు జెరూసలేం చేరి అమెరికన్ కాలనీ అనే క్రైస్తవ సమాజాన్ని నెలకొల్పారు. స్పాఫర్డ్ అక్కడే మలేరియాతో కన్నుమూశాడు.

బ్లిస్ 1838లో పెన్సిల్వేనియాలో పేద ఇంట పుట్టాడు. ముసలి గుర్రం మీద, చిన్న మెలోడియన్ వాద్యాన్ని వెంటబెట్టుకుని ఊరూరా తిరిగి సంగీతం నేర్పిన మనిషి. ఈ బాణీ బలమంతా పల్లవిలో ఉంది: ఆడగొంతులు ఎత్తుకున్న మాటను మగగొంతులు కింది స్థాయిలో అందుకుంటాయి, ఒకరి ధైర్యాన్ని మరొకరు నిలబెడుతున్నట్టు. బాణీ వెలువడిన ఏడాదే, డిసెంబరు 29న, ఒహాయోలోని అష్టబులా దగ్గర వంతెన కూలి రైలు లోయలో పడింది. బ్లిస్, భార్య లూసీ అందులోనే పోయారు. వారి దేహాలను ఎవరూ గుర్తుపట్టలేకపోయారు.