పేస్‌మేకర్: పరిణామ చరిత్ర

పేస్‌మేకర్ అంటే గుండె మందగించినప్పుడు చిన్న విద్యుత్ ప్రేరణలిచ్చి దాన్ని కొట్టించే పరికరం. ఊళ్లలో ‘గుండెకు బ్యాటరీ పెట్టారు’ అంటారు. ఆ మాటలో తప్పేమీ లేదు, దీని చరిత్రలో సగానికి పైగా బ్యాటరీ కథే.

1950లలో ఈ యంత్రం గోడ ప్లగ్గు మీద ఆధారపడేది. 1957 అక్టోబరు 31న అమెరికాలోని మినియాపొలిస్‌లో కరెంటు పోయి ఒక పసిబిడ్డ చనిపోయింది. సర్జన్ లిల్లెహై కోరిక మీద ఇంజనీరు ఎర్ల్ బాకెన్ నాలుగు వారాల్లో బ్యాటరీతో నడిచే చిన్న పెట్టె చేసి ఇచ్చాడు. అయినా అది ఒంటి బయటే ఉండేది.

లోపల అమర్చింది స్వీడన్ వాళ్లు. 1958 అక్టోబరు 8న సర్జన్ ఓకె సెన్నింగ్ చేతుల మీదుగా, ఇంజనీరు రూనె ఎల్మ్‌క్విస్ట్ తయారుచేసిన యంత్రాన్ని ఆర్నె లార్సన్ అనే రోగికి పెట్టారు. దాని భాగాలను బూట్ పాలిష్ డబ్బాలో రెసిన్ పోసి అచ్చు వేశారట! కొన్ని గంటలకే ఆగిపోయింది. లార్సన్ మాత్రం ఇరవైకి పైగా పేస్‌మేకర్లు మార్చుకుంటూ, తనను బతికించిన ఇద్దరి కంటే ఎక్కువ కాలం జీవించి, 2001లో 86వ ఏట కన్నుమూశాడు.

అన్నిసార్లు మార్చవలసి రావడానికి ఒక ముఖ్య కారణం బ్యాటరీ. 1960లో విల్సన్ గ్రేట్‌బాచ్ రూపొందించిన పరికరంలోని పాదరసం బ్యాటరీలు రెండేళ్ల లోపే అయిపోయేవి, పైగా వాయువు విడుదల చేసేవి కాబట్టి పెట్టెను గట్టిగా మూయడం కుదరలేదు. 1972లో వచ్చిన లిథియం-అయొడిన్ బ్యాటరీ వాయువు వదలదు. దాంతో టైటానియం కవచంలో పూర్తిగా బిగించడం సాధ్యమైంది, ఆయుష్షు ఏళ్లకు ఏళ్లు పెరిగింది. (చితి మంటల్లో ఇది పేలుతుంది, అందుకే దహనానికి ముందు తీసేస్తారు.)

గుండె లయను గమనించి అవసరమైతేనే పనిచేసేవి లిథియం బ్యాటరీకి ముందే వచ్చాయి, నడకను బట్టి వేగం మార్చుకునేవి తర్వాత వచ్చాయి. 2013లో తొడ సిర గుండా పంపే, తీగల్లేని రెండు గ్రాముల మైక్రా వచ్చింది. దాన్ని తయారుచేసిన, బాకెన్ సహస్థాపకుడైన మెడ్‌ట్రానిక్ సంస్థకు ఇప్పుడు హైదరాబాద్‌లో పెద్ద పరిశోధన కేంద్రం ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లోని పాడేరు మన్యంలో మాత్రం పరికరం గ్రాముల కంటే బ్యాటరీ నడిచే ఏళ్ల లెక్కే ముఖ్యం. 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన ప్రభుత్వ పథకం పేస్‌మేకర్ ఖర్చు భరిస్తున్నా, బ్యాటరీ పరీక్షకు ఘాట్ దిగి, మాడుగుల, చోడవరం మీదుగా 100 కి.మీ.కు పైగా విశాఖ వెళ్లాలి. ఇంటి నుంచే పరికరం వివరాలు డాక్టరుకు పంపే ఏర్పాటు 2001 నుంచే ఉంది, కానీ దానికి సెల్ సిగ్నల్ కావాలి, కొండ మీద చాలా ఊళ్లలో అదే దొరకదు.