ఆకలిని ఆపబోయి ఆనందమును ఆపిన మందు

ఉగాది సంచికలో గంజాయి ప్రసక్తి యేమిటని పాఠకులు ముక్కున వేలు వేసికొనవచ్చును. మేము వ్రాయుచున్నది మత్తును గూర్చి కాదు, మన పొట్టలను గూర్చి. మన పెద్దలు ఈ శోళవరము ప్రాంతమున స్థిరపడిన నాళ్ళలో కాలినడకకు, ఒంటి కష్టమునకు కొదువ లేదు. నేడు మనలో పెక్కుమందిమి కుర్చీకి అతుక్కొని పనిచేయువారము. నడక తగ్గినది గాని పండుగకు బొబ్బట్లు, పులిహోర తగ్గలేదు. అందుచేత సన్నబడుటకు మాత్ర ఉన్నదనగానే మన చెవులు నిక్కబొడుచుకొనును. అట్టి మాత్ర యొకటి పేరు పొంది, మూడేండ్లు తిరుగకుండగనే పోయిన చరిత్ర మన కుటుంబములవారు తెలిసికొనదగినది.

గంజాయి మొక్క ఆకలిని హెచ్చించునన్న సంగతి మన వైద్యులకు పాతదే. పదునారవ శతాబ్దమున భావమిశ్రుడు రచించిన భావప్రకాశము, ఆ మొక్క జఠరాగ్నిని పెంచునని చెప్పుచు, మోహమును కలిగించుననియు చెప్పినది. పొట్టమీది పని, మనసుమీది పని రెండును ఒకేచోట చెప్పబడినవి. ఈ జంటను పాఠకులు జ్ఞాపకముంచుకొన గోరుదుము. తరువాతి కథయంతయు దీనిమీదనే నడచును.

1893లో ఆంగ్ల ప్రభుత్వము ఈ దేశమున గంజాయి వాడకమును విచారించుటకు ఒక సంఘమును నియమించినది. అది 1,193 మంది సాక్షుల వాఙ్మూలములు గైకొని, 1894లో నివేదిక నిచ్చినది. ఆనాడు మదరాసు రాజధానిలో ఈ సాగు జరిగిన తావులలో కృష్ణా జిల్లా బాపట్ల తాలూకాయు, ఉత్తరార్కాడు జిల్లా జవ్వాది కొండలును ఉండెను. మన తిరుత్తణియు ఆనాడు ఉత్తరార్కాడులోనిదే. 1911లో చిత్తూరు జిల్లాలో చేరి, 1960లో మదరాసు రాష్ట్రమునకు వచ్చినది. మితముగా వాడిన హాని స్వల్పమనియు, మితిమీరిన చేటనియు ఆ సంఘము తేల్చినది. కాని ఆ మొక్క ఒంటిలో ప్రవేశించి ఏమి చేయునో ఆనాడు ఎవ్వరికిని తెలియదు. 1985 నాటి చట్టము గంజాయిని నిషేధించినదని వేరుగ చెప్పనక్కరలేదు.

1964లో ఇజ్రాయేలు దేశమున మెషూలమ్, గావోని అను శాస్త్రజ్ఞులు ఆ మొక్కలోని మత్తు పదార్థమును విడదీసి, దాని నిర్మాణమును తేల్చిరి. 1988లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున ఎలిన్ హౌలెట్ అను విదుషీమణియు, ఆమె శిష్యుడు విలియం డివేనును ఆ పదార్థము వచ్చి తగులుకొను స్థానము మెదడు కణములపై ఉన్నదని చూపిరి. దీనిని గ్రాహకమందురు. తాళపుకప్ప వంటిది, తగిన చెవి దూరినగాని పని ప్రారంభము కాదు. ఈ గ్రాహకమునకు సీబీ-1 అని పేరు.

గంజాయి యెరుగనివారి ఒంటిలోను ఈ కప్ప ఎందుకున్నది? దేహము తనంతట తానే చెవిని తయారు చేసికొనుచున్నదని 1992లో జెరూసలేమున తేలినది. మన సంస్కృత శబ్దమైన ఆనందమును గైకొని, ఆ పదార్థమునకు ఆనందమైడ్ అని పేరిడిరి.

చెవి దూరిన ఆకలి హెచ్చునేని, కప్పను మూసిన ఆకలి తగ్గవలెను గదా! ఈ తర్కముతోనే ఫ్రాన్సు దేశపు సనోఫీ కంపెనీవారు 1994లో రిమోనబాంట్ అను మందును ప్రకటించిరి. ఐరోపాలో 1,507 మందిపై జరిగిన పరీక్షా ఫలితములు 2005లో వెలువడినవి. దినమునకు 20 మిల్లీగ్రాముల వంతున ఏడాది వాడినవారు సగటున 6.6 కిలోలు తగ్గిరి. మందులేని ఉత్తుత్తి మాత్ర మింగినవారు 1.8 కిలోలు మాత్రమే తగ్గిరి. 2006 జూనులో ఐరోపావారు మందును అనుమతించిరి. మన దేశమునను అది అమ్మకమునకు వచ్చినది.

కాని పొట్ట తగ్గినవారిలో కొందరికి మనసు క్రుంగినది, నిద్ర చెడినది, దిగులు, కొందరికి ఆత్మహత్యా చింతయు కలిగినవి. రైల్వేలో మేము ఎరిగిన ఉపమానము చెప్పెదము. ఒక లైనుమీద పనికై సెక్షను అంతటికిని కరెంటు తీసివేసిన, ప్రక్క లైనున పోవలసిన బండియు నిలిచిపోవును. అట్లే ఆకలికి, సంతోషమునకు గల కప్ప ఒకటే యగుటచే, ఒకదానిని మూయబోయిన రెండవదియు మూతపడినది. భావమిశ్రుడు చెప్పిన జంట ఇదియే.

2007 జూనులో అమెరికా ఔషధ సలహా సంఘము ఏకగ్రీవముగ ఈ మందును కాదన్నది. 2008 అక్టోబరులో ఐరోపాలో అమ్మకము నిలుపవలెనని నిర్ణయమైనది. 2009 డిసెంబరులో మన కేంద్ర ప్రభుత్వము నిషేధించినది.

అయినను ప్రయత్నము ఆగలేదు. ఈ కప్పలు మెదడులోనే గాక కాలేయమునను, క్రొవ్వులోను ఉన్నవి. కావున మెదడులోనికి అంతగా పోక, తక్కినచోట్ల పనిచేయు మందుకై వెదకిరి. డెన్మార్కుకు చెందిన నోవో నార్డిస్క్ కంపెనీవారు మోన్లునబాంట్ అను అట్టి మందును పరీక్షించి, 2024లో ఫలితములు ప్రకటించిరి. 10 మిల్లీగ్రాముల మోతాదున 16 వారములలో సగటున 7.1 కిలోలు తగ్గినను, ఆందోళన, చిరాకు, నిద్రలేమి వంటి లక్షణములు ఇందును కొంత కనిపించినవి.

శాస్త్రజ్ఞులను నిందించుట మా అభిప్రాయము కాదు. స్థూలకాయము నిజముగ వ్యాధియే. మధుమేహమునకు, గుండెజబ్బునకు అది త్రోవ చూపును. దానికి మంచి మందు రావలసినదే. ఐనను బజారున వినవచ్చిన మాత్రను, పొరుగువారు సన్నబడిరని, వైద్యుని అడుగక మింగరాదు. మందు వాడువారిని బరువెంత తగ్గెనని అడుగుటతోపాటు, నిద్ర పట్టుచున్నదా, మనసు బాగున్నదా అని ఇంటివారు అడుగుట మంచిది. ఆ ప్రశ్న తూనికయంత్రము అడుగదు.

ఈ నూతన సంవత్సరము తెలుగు కుటుంబములకెల్ల తగినంత ఆకలిని, తరుగని ఆనందమును ప్రసాదించుగాక!