అనిమోన్ అడుగు పడే చోటు

విశాఖలో అక్టోబరు సాయంత్రం. బాల్కనీ తలుపు తీస్తే ఉప్పుగాలి జిడ్డుగా ఒంటికి తగులుతోంది. హాల్లో గోడవారగా నాలుగడుగుల గాజు ట్యాంకు. తెల్ల లైట్లు ఆర్పేశాను, నీలం లైట్లు మాత్రం వెలుగుతున్నాయి. నీటి మీద పాలిథీన్ సంచి తేలుతోంది. దాని అడుగున ముడుచుకుపోయి, పిడికిట్లో సగం కూడా లేని గులాబీరంగు కండ ముద్ద ఒకటి. ఇదే బబుల్ టిప్ అనిమోన్ అనే సముద్రజీవి.

"చచ్చిపోయిందా మావయ్యా?" గాజుకి ముక్కు ఆనించి అడుగుతున్నాడు మా మేనల్లుడు.

"లేదురా. ప్రయాణంలో ఒంట్లో నీళ్లన్నీ వదిలేసింది. మధ్యలో నోరు చూడు, బిగించే ఉంది. అది తెరుచుకుని లోపలి పొర బయటికి వేలాడితే అప్పుడు భయపడాలి."

దీన్ని ఏ సముద్రంలోంచీ పీకి తేలేదు. ఈ ఊళ్లోనే ఒక మిత్రుడి ట్యాంకులో పెద్ద అనిమోన్ తనంత తానే రెండుగా చీలింది. బబుల్ టిప్ జాతికి అది మామూలే. చీలిన ముక్క నోరు కుదుర్చుకుని తిండి తినేదాకా ఆగి, అప్పుడు ఇచ్చాడు. ఇంకోలా అయితే నేను తీసుకునేవాణ్ణి కాదు. పగడపు దిబ్బ మీద అనిమోన్లు దశాబ్దాల పాటు బతుకుతాయి. అక్కడ ఒకదాన్ని పెరికితే దాన్ని నమ్ముకున్న చేపల జంటకు ఇల్లు పోయినట్టే.

సంచిని ట్యాంకు కన్నా కిందికి దించి, సన్నటి గొట్టాన్ని ముడివేసి ట్యాంకు నీళ్లు అందులోకి చుక్కచుక్కగా వదులుతున్నాను. గంట పడుతుంది. ఈలోగా వాడి చేతికి రిఫ్రాక్టోమీటర్ ఇచ్చాను. పలక మీద ఒక చుక్క వేసి, మూత వాల్చి, లైటు వైపు తిప్పి ఒంటికన్నుతో చూస్తున్నాడు. లోపల నీలం, తెలుపు కలిసే గీత 1.025 దగ్గర ఆగింది.

ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ అడిగే ప్రశ్నే వాడూ వేశాడు. ఎదురుగా అంత సముద్రం పెట్టుకుని ఉప్పు ప్యాకెట్లు కొనడం దేనికి? వానాకాలం దాటాక గంగ, మహానది మోసుకొచ్చిన మంచినీళ్లు తీరం వెంబడి దక్షిణానికి పారి మన దాకా వస్తాయి. ఈ నెలల్లో బంగాళాఖాతం పై పొరలో ఉప్పు బాగా పలచబడుతుంది. పైగా పెద్ద రేవు ఉన్న ఊరు. ఒడ్డున ముంచిన బిందెలో ఏమేం కలిసి ఉంటాయో తేల్చుకోవడం ఇంట్లో అయ్యే పని కాదు. అందుకే ఆర్.ఓ., డీఅయొనైజర్ రెండూ దాటించి టీడీఎస్ సున్నాకి తెచ్చిన నీటిలో ఉప్పు కలుపుకుంటాం. ఆవిరయ్యేది నీరే, ఉప్పు అక్కడే ఉండిపోతుంది. కాబట్టి రోజూ తగ్గినంత మేర మంచినీళ్లే పోయాలి. చేప ఈ హెచ్చుతగ్గులు కాస్త ఓర్చుకుంటుంది. అనిమోన్ ఓర్చుకోదు.

కొత్త ట్యాంకులో అనిమోన్ బతకదనేది ఇందుకే. అమ్మోనియా, నైట్రైట్ సున్నా చూపించినంత మాత్రాన సరిపోదు. రాళ్ల మీద గులాబీరంగు నాచు గట్టి పొరలా పరుచుకోవాలి, నీరు నెలల తరబడి ఒకే తీరుగా నిలవాలి. వేడి 26 డిగ్రీల దగ్గర ఉండాలి. వేసవిలో చిల్లర్ లేకపోతే ఈ ఊళ్లో అది కుదిరే పని కాదు. ట్యాంకు బల్ల కింద బ్యాటరీతో నడిచే గాలి పంపు కూడా ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక రోజుల తరబడి కరెంటు లేని ఊరిది. అలలు పుట్టించే వేవ్ మేకర్ ఆగితే నీటిలో ప్రాణవాయువు పడిపోతుంది, అన్నింటికన్నా ముందు చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి.

గంట అయింది. ముందుగా వేవ్ మేకర్ ఆపేశాను. దాని జాలీ చుట్టూ నిన్ననే ముతక స్పాంజి కట్టి ఉంచాను. చోటు నచ్చని అనిమోన్ రాత్రంతా నడుస్తుంది. నడుస్తూ నడుస్తూ అందులో పడితే తునాతునకలవుతుంది. ఆ కండ కుళ్లి తెల్లారేసరికి ట్యాంకంతా విషమవుతుంది.

చేతికి గ్లవ్ తొడుక్కుని ముద్దను అరచేతిలోకి తీసుకున్నాను. సంచి నీళ్లు ట్యాంకులో పోయను. అడుగు భాగాన్ని గోటితో గీరకూడదు, లాగకూడదు. పాదం చిరిగిన అనిమోన్ కోలుకోవడం కష్టం. మధ్య రాయిలో, లైటు బాగా పడే చోట, లోతైన నెరియ ఉంది. పాదాన్ని దాని అంచుకు ఆనించి అలాగే పట్టుకున్నాను. మోచేతి దాకా ఉప్పునీళ్లు. నిమిషాలు గడుస్తున్నాయి. వేళ్ల కింద మెత్తటి కండ ఎటూ కాకుండా జారుతోంది. ఉన్నట్టుండి ఒక పక్క బిగిసింది. చెయ్యి నెమ్మదిగా తీశాను. పడిపోలేదు.

"అంటుకుంది!" వాడి అరుపుకి వంటింట్లోంచి మా అక్క తొంగిచూసింది.

ట్యాంకు ఎడమ మూల రెండు ఆసెల్లారిస్ క్లౌన్ చేపలు. పెద్దది ఆడది. దాని వెనకే ఒళ్లు వణికిస్తూ తిరిగే చిన్నది మగది. పుట్టుకతో అన్నీ మగవే, జంటలో పెత్తనం చేసే పెద్దది ఆడదవుతుంది. అది పోతే మిగిలిన మగది ఆడదిగా మారుతుంది. ఈ రెండూ హ్యాచరీలో గుడ్డు నుంచి పెరిగినవి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మన దేశంలోనే వీటి పిల్లల్ని పెంచే పద్ధతి సాధించింది కాబట్టి, సముద్రం చేపల మీద ఆధారపడాల్సిన అవసరం తీరింది. వీటికి అనిమోన్ అంటే ఏమిటో తెలియదు. ఇన్నాళ్లూ గాజు మూలనే కాపలా కాస్తూ నిద్రపోయాయి, హాయిగానే ఉన్నాయి. ఇది నేను గట్టిగా చెబుతాను. ట్యాంకులో క్లౌన్ చేప బతకడానికి అనిమోన్ అక్కర్లేదు. చేప ముచ్చట కోసం అనిమోన్‌ని కొనకండి. దాన్ని దాని కోసమే పెంచగలిగినప్పుడు తెచ్చుకోండి.

రాత్రి భోజనాలయ్యాక వేవ్ మేకర్ మళ్లీ వేసి, లైట్లన్నీ ఆర్పి ఎర్ర టార్చితో చూస్తున్నాం. ముద్ద ఉన్నచోట లేదు. పాదం అంచు పలచగా సాగి, ఒక వేలెడు దూరం పాకి, నెరియ లోపలికి దిగుతోంది. పాదం చీకట్లో దాచుకుని, ఒళ్లు వెలుగులోకి చాచడం దీని నైజం. దాన్ని మనకు కనబడే చోటికి జరపాలని చేతులు ఉబలాటపడతాయి. జరపకూడదు. చోటు ఎంచుకునే హక్కు దానిదే.

పొద్దున్న తొమ్మిదికి లైట్లు వెలిగాయి. నెరియలోంచి అనిమోన్ ఒంట్లోకి నీరు నింపుకుంటూ పైకి పొంగింది. నిన్నటి ముద్ద ఇప్పుడు జానెడు. స్పర్శకాల కొసల్లో బుడగలు ఉబ్బాయి, వాటి మధ్య గోధుమ ఛాయ. ఆ రంగు దాని కండలో కాపురముండే సూక్ష్మశైవలాలది. వెలుతురుతో అవి వండే తిండే దీనికి ముఖ్యాధారం. ఆ రంగు వెలిసి తెల్లబడితే అనిమోన్ ఆకలితో ఉన్నట్టు.

ఆడచేప మూల వదిలి వస్తోంది. దగ్గరికి వచ్చి ఆగింది. అడుగు రెక్కతో ఒక బుడగని తాకి, కరెంటు కొట్టినట్టు వెనక్కి ఎగిరింది. మళ్లీ వచ్చింది. ఈసారి తోకతో. తర్వాత పెదవులతో ఒక కొసని చిన్నగా కొరికింది. ఆ స్పర్శకాల నిండా దంశకణాలు. తాకిన మామూలు చేపకు అదే ఆఖరు కావచ్చు. ఈ చేప ఒంటి జిగురులో దంశకణాల్ని రెచ్చగొట్టే సయాలిక్ ఆమ్లం తక్కువని పరిశోధకులు గమనించారు. నిజానికి సముద్రంలో ఆసెల్లారిస్ బబుల్ టిప్‌లో ఉండదు, వేరే అనిమోన్లను ఎంచుకుంటుంది. అయినా ట్యాంకుల్లో దీన్ని తరచూ ఒప్పుకుంటుంది.

పదోసారో, ఇరవయ్యోసారో, పక్కకి ఒరిగి ఒళ్లంతా బుడగలకు రాసింది. ఎగరలేదు. మెలికలు తిరుగుతూ లోపలికి దూరిపోయింది. స్పర్శకాలు దాని మీద ముడుచుకోలేదు. నారింజ రంగు ముఖం ఒక్కటీ పైకి పెట్టి మా ఇద్దర్నీ చూసింది. మేనల్లుడు ఊపిరి బిగబట్టాడు, నేనూ అంతే.

గోరంత రొయ్య ముక్కని పట్టకారుతో అందించాను. చేప లాక్కుంది, తినలేదు. వెనక్కి తిరిగి అనిమోన్ నోటి దగ్గర కుక్కి, ముక్కుతో నెట్టింది. బుడగలు ఆ ముక్క మీదికి వాలాయి.

"ఇంకోటి పెడదాం మావయ్యా."

"వద్దురా. వారానికి ఒకటి రెండుసార్లు చాలు. ఎక్కువైతే కక్కేస్తుంది, అది నీళ్లలో కుళ్లుతుంది. చేప వదిలే వ్యర్థం కూడా లోపలి శైవలాలకు ఎరువే."

"మరి చిన్నది? అది ఎప్పుడు వెళ్తుంది?"

"పెద్దది రానిస్తే."

మగచేప నెరియ చుట్టూ తిరుగుతోంది. దగ్గరికి వస్తే ఆడది తరుముతోంది. అది వణుకుతూ తల వంచి మళ్లీ వస్తోంది. వాడికి బడి బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది, నేనే దింపి రావాలి. వేవ్ మేకర్ స్పాంజి కట్టు ఇంకోసారి లాగి చూసుకున్నాను. అది ఇప్పట్లో విప్పను.