యాభై అడిగితే ఐదొందలు

ఆదివారం మనం కేజీల లెక్కన తెచ్చుకునే బ్రాయిలర్ కోడి వెనుక ఒక ఇల్లాలి కథ ఉంది. ఆవిడ పేరు సిసీల్ స్టీల్. అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో ఓషన్ వ్యూ ఆవిడ ఊరు.

అప్పట్లో అక్కడి పల్లెల్లో కోళ్ల పెంపకం ఆడవాళ్ల పని. మన అమ్మమ్మలు పోపులపెట్టెలో దాచుకున్నట్టే, గుడ్లమ్మిన డబ్బు వాళ్ల చేతిఖర్చుకు. కోడి పొదిగేదాకా ఆగకుండా హ్యాచరీలో పిల్లల్ని ఆర్డరిచ్చే వీలూ ఉండేది. పిల్ల బయటికొచ్చే ముందే పచ్చసొనను కడుపులోకి లాక్కుంటుంది. ఆ బలంతో రెండు మూడు రోజులు మేత లేకున్నా బతుకుతుంది. అందుకే 1918 నుంచి కోడిపిల్లలు అమెరికా తపాలాలో కూడా ప్రయాణం చేశాయి.

1923లో సిసీల్ గుడ్ల కోసం 50 పిల్లలు అడిగితే, పొరపాటున 500 వచ్చాయి. వెనక్కి పంపలేదు. పదహారడుగుల చదరపు షెడ్డు వేయించి పెంచింది. 18 వారాలకు 387 మిగిలాయి. గుడ్లు పెట్టే వయసు రాకముందే వాటిని మాంసానికి, పౌండు 62 సెంట్లకు అమ్మేసింది. మరుసటి ఏడు వెయ్యి తెప్పించింది. కోస్ట్ గార్డ్‌లో ఉన్న భర్త ఉద్యోగం మానేసి ఆవిడ పనిలో చేరాడు. ఆ షెడ్డు 1974లో చారిత్రక కట్టడాల జాబితాకెక్కింది.

దీన్ని అదృష్టమంటారు. పొరపాటున వచ్చినవి పిల్లలే. వాటిని వెచ్చగా ఉంచి, మేతపెట్టి, ధర చూసి అమ్మింది మాత్రం ఆవిడే. ఇంట్లో ఆడవాళ్ల లెక్కను చిల్లర లెక్క అనేవాళ్లకు ఈ కథ చెప్పండి.